రాతి మీద ఎర్రపేరు

జూలై పదిహేనో తారీకు సాయంత్రం కియోయె వంటగట్టు ముందు నిలబడి, కాగితపు లాంతరు మీద కుంచెతో తన పేరు రాసింది. పితరుల పండగకి కనజావాలో సమాధుల దగ్గరికి వెళ్లేవాళ్లంతా ఇలాంటి లాంతరొకటి పట్టుకెళ్లి, అక్కడి కొయ్యకి తగిలించి వస్తారు. ఎవరొచ్చి వెళ్లారో చచ్చినవాళ్లకి తెలియాలి. ఎవరు రాలేదో బతికున్న చుట్టాలకి తెలియాలి. ముప్పై ఎనిమిదేళ్లుగా కియోయె ఆ లాంతరు మీద అత్తింటి పేరే రాసింది, మురకోషి అని. ఇవాళ మాత్రం నిషిదె కియోయె అని రాసింది. పుట్టింటి పేరు. చెయ్యి అలవాటు తప్పి ఆఖరి గీత కాస్త వంకరపోయింది.

వులాన్ పక్కనే నిలబడి చూస్తోంది. వంకరగా ఉన్నదే బావుందమ్మా, మనిషి రాసినట్టుంది అంది.

వులాన్‌ది ఇండోనేషియా, బాండుంగ్. నేటి జపాన్ సమాజం, సంస్కృతి గురించి ఒక సెమిస్టర్ చదవడానికి ఏప్రిల్లో వచ్చి కియోయె ఇంట్లో దిగింది. మే నెలలో ఒకరోజు అన్నం తింటూ, "అమ్మా, మీరు ఆ కాగితం ఇచ్చేశారా?" అని అడిగింది. ఏ కాగితమని కియోయె అడిగితే, పాఠంలో చెప్పారంది. మొగుడు పోయిన ఆడది నగరపాలక కార్యాలయంలో ఒక్క కాగితం ఇస్తే చాలట, అత్తింటితో బంధుత్వం తెగిపోతుందట. ఎవరి అనుమతీ అక్కర్లేదట. కియోయె అన్నం తినే పుల్లలు కింద పెట్టేసింది. కాపురం చేసింది తను, చాకిరీ చేసింది తను. చట్టం మాత్రం సముద్రం దాటి వచ్చిన ఇరవై ఏళ్ల పిల్ల నోట తెలిసింది. ఇన్నేళ్లలో ఈ ఊరి పెద్దమనుషులు ఒక్కరూ పొరపాటున కూడా ఆ ముక్క చెప్పలేదు.

జూన్లో కాగితం ఇచ్చేసింది. పుట్టింటి పేరు తిరిగి తీసుకోవడానికి ఇంకో కాగితమూ ఇచ్చింది. గుమాస్తా తలెత్తి చూడకుండానే ముద్ర కొట్టాడు. ఇక మిగిలింది రాయి.

పదకొండేళ్ల కిందట మొగుడు షుజో పోయినప్పుడు, కుటుంబపు సమాధిరాతి మీద కొడుకు పేరు చెక్కిస్తూ పనిలో పనిగా పక్కనే కోడలి పేరు కూడా చెక్కించేసింది అత్తగారు తొమె. బతికున్న మనిషి కాబట్టి ఆ పేరులో ఎర్రరంగు నింపారు. పోయినరోజున ఆ రంగు గీకేస్తారు, అంతే. కియోయెని ఎవరూ అడగలేదు. వేపుడు చేసేముందు వంకాయని అడుగుతామా? అప్పట్నుంచి ప్రతి పండక్కీ తన సమాధిని తనే తోమి, తన పేరు మీద తనే నీళ్లు పోసి వస్తోంది.

రేపు పొద్దున రాళ్లు చెక్కే హట్టా వచ్చి ఆ పేరు తీసేస్తాడు. చచ్చాకైనా ఆ మనుషుల మధ్య ఉండకూడదనేది కియోయె పంతం. తన బూడిదని ఏ చెట్టుకిందో పోసినా ఫరవాలేదు.

ఆడపడుచు మసాయో మధ్యాహ్నమే ఫోన్ చేసి దులిపేసింది. ఈ వయసులో ఇదేం బుద్ధి, పరాయిదేశపు పిల్ల చెబితే ఇల్లు కూల్చుకుంటావా అంది. పిల్లల్ని కనలేదు, కనీసం సమాధిలోనైనా కోడలిగా ఉండమంది. కియోయె ఊకొడుతూ దోసకాయలు తరుక్కుంది. చివర్లో మసాయో గొంతు తగ్గించింది.

"రాతికెక్కిన పేరు కాగితంతో పోదు వదినా. అమ్మ పిలిస్తే పలక్కుండా ఉండగలవా నువ్వు? ఉండలేవు. పలికావంటే ఒప్పుకున్నట్టే."

అందుకే ఇవాళ వెళుతోంది. హట్టా చేత చెప్పించడం కాదు, పోయిన అత్తగారి సమాధి ఎదురుగా తనే నిలబడి చెప్పాలి.

బస్సు దిగేసరికి వాన వెలిసింది. కొండవాలు శ్మశానంలో సీడర్ చెట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. సంజె కీచురాళ్లు చెట్టుకొకటి అందుకుని అరుస్తున్నాయి. వచ్చినవాళ్లంతా దీపాలు తగిలించి వెళ్లిపోయారు. నాచు పట్టిన మెట్లకి అటూ ఇటూ లాంతర్లు, వాటి మీద తడిసిన పేర్లు. తడి మట్టి వాసన, అగరొత్తుల వాసన. వులాన్ బకెట్టూ గరిటే మోస్తూ దోమల్ని తన భాషలో తిడుతోంది.

మురకోషి వారి రాయి పై వరసలో చివర. కియోయె తన లాంతరు తగిలించి లోపల కొవ్వొత్తి వెలిగించింది. వులాన్ నీళ్లు పోసి బ్రష్షుతో రుద్దడం మొదలుపెట్టింది. షుజో పేరు తోమింది. పక్క పేరు తోమింది. ఆగిపోయింది.

"అమ్మా, ఇది ఊడి వస్తోంది."

బ్రష్షు కుచ్చు ఎర్రగా ఉంది. పిల్ల వేళ్లు ఎర్రగా ఉన్నాయి. పదకొండేళ్ల కిందటి రంగు... ఎండలో వెలిసి, మంచులో పగిలిన రంగు... నిన్న రాత్రి నింపినట్టు పచ్చిగా, చిక్కగా కారుతోంది.

వులాన్ చేతులు బకెట్లో ముంచి కడుక్కుంది. మసాయోగారేమైనా వచ్చి వేసి వెళ్లారా అంది. అయ్యుండొచ్చు అంది కియోయె. మసాయో పేరుతో అక్కడ లాంతరేదీ లేదు.

అప్పుడొచ్చింది వాసన. నడుంనొప్పి పట్టీల కర్పూరం ఘాటు, కింద పులిసిపోయిన బార్లీ టీ. ఐదేళ్లు మంచాన పడిన మనిషి గది వాసన. నాలుగేళ్ల కిందట తొమె పోగానే ఆ గది కడిగి, చాపలు మార్చి, కిటికీలు తెరిచేశారు. వులాన్ ఇప్పుడు ఆ గదిలోనే ఉంటోంది.

కియోయె గబగబా మొదలుపెట్టింది. కోడలు వంగాల్సినంత వంగలేదు, పరాయి మనిషి వంగినంతే వంగింది.

"అత్తయ్యగారూ, కాగితం ఇచ్చేశాను. ఇక నేను మీ కోడల్ని కాను. రేపు నా పేరు తీయించేస్తున్నాను. ఇన్నాళ్లూ... ఇన్నాళ్లూ చేసింది చాలు."

కీచురాళ్లు ఆగిపోయాయి. ఒకటొకటిగా కాదు. అన్నీ ఒక్కసారే.

టక్. టక్. టక్.

రాతి అడుగు నుంచి. కొయ్య మీద కొయ్య తగిలిన చప్పుడు.

అది కియోయె వెన్నెముకకి తెలిసిన చప్పుడు. తొమె మంచంలో పడ్డాక నోటితో పిలవడం మానేసింది. వీపు గోక్కునే వెదురుకర్రతో మంచం పట్టె మీద మూడుసార్లు కొట్టేది. నీళ్లకి మూడు, పక్కకి తిప్పడానికి మూడు, ఊరికే మూడు. కియోయె స్నానంలో ఉన్నా, నోట్లో ముద్ద ఉన్నా, జ్వరంతో ఉన్నా, కర్ర ఆగేలోపే బదులు పలికేది. వస్తున్నానండీ. ఆ మాట తను అనేది కాదు. అదే వచ్చేసేది.

ఇప్పుడూ వచ్చేస్తోంది. గొంతులోకి వచ్చేసింది... నాలుక లేచింది...

కియోయె నాలుక కొరుక్కుంది. నోట్లో ఉప్పగా అయింది.

"అమ్మా... లోపల ఎవరో..."

"మాట్లాడకు."

టక్. టక్. టక్.

ఈసారి విసుగ్గా. మోకాళ్లు వంగిపోయాయి. కియోయె వాటిని వంచలేదు. అవే వంగాయి. చేతులు నడుం దగ్గర లేని ఏప్రాన్‌ని వెతుకుతున్నాయి. వులాన్ మణికట్టు దొరికింది. గట్టిగా పట్టుకుంది. పిల్ల నొప్పికి మూలిగింది, విడిపించుకోలేదు.

టక్... టక్...

మూడోది రాలేదు. అది రావాలి. అది వచ్చేలోపు పలకాలి. ఐదేళ్లు అలాగే పలికింది... చీకట్లో రాయి కూడా చెవి ఒగ్గినట్టుంది. కియోయె పళ్లు బిగించింది. కళ్లవెంట నీళ్లు కారాయి. పలకలేదు. పలకలేదు...

"వస్తున్నానండీ."

రాతి లోపల్నుంచి.

సన్నటి గొంతు. అలసట దాచుకుని ఆఖర్న కాస్త పైకి సాగే గొంతు. కియోయె గొంతు.

వులాన్ తల తిప్పి కియోయె పెదాల వైపు చూసింది. అవి మూసే ఉన్నాయి. పెదవి చివర రక్తపు చుక్క.

లోపల అడుగులు వినిపించాయి. మేజోళ్లు వేసుకున్న చిన్న పాదాలు చాప మీద గబగబా నడిచిన చప్పుడు. ఒక తలుపు పక్కకి జరిగింది. మళ్లీ మూసుకుంది.

తర్వాత ఏమీ లేదు. ఎక్కడో ఒక కీచురాయి అందుకుంది. ఇంకొకటి బదులిచ్చింది.

బకెట్టు అక్కడే వదిలేశారు. ఇల్లు చేరాక దీపాలన్నీ వేసి, చల్లటి సేమ్యా తిన్నారు. చాలాసేపటికి వులాన్ అంది, వ్యాసంలో ఇది రాస్తే ఆధారం ఏ పుస్తకమని చూపించను అని. కియోయెకి నవ్వొచ్చింది. నాలుక మండుతున్నా నవ్వింది. నేను పలకలేదు కదా, నువ్వు చూశావు కదా అని అడిగింది. చూశానమ్మా, మీరు పలకలేదు అంది వులాన్. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే చెప్పింది.

ఆ రాత్రి కియోయె ఒక్కసారి కూడా లేవకుండా నిద్రపోయింది. పొద్దున లేస్తే ఒళ్లు ఎంత తేలిగ్గా ఉందంటే, ఏదో దించుకున్నట్టుంది.

తొమ్మిదిన్నరకి హట్టా ఫోన్ చేశాడు. నలభై ఏళ్లుగా రాళ్లతో బతికిన మనిషి, తాపీగా మాట్లాడతాడు. పేరు తీయాలంటే రాయి కదపాలి, కదపాలంటే అడుగు పలక ఎత్తి లోపలి అస్థికల కలశాలు బయట పెట్టాలి, అదే చేస్తున్నానన్నాడు.

"మురకోషిగారూ... తప్పయింది, నిషిదెగారూ. కలశాలు మూడని చెప్పారు కదా. మామగారిది, అత్తగారిది, మీవారిది."

"అవును."

"నాలుగున్నాయండీ."

బల్లకి అవతల వులాన్ టీ పోస్తూ ఆగింది.

"ఈమధ్య మీ ఇంట్లో ఎవరు పోయారండీ? పలక కదిపిన గుర్తులైతే లేవు. చుట్టూ నాచు కూడా చెదరలేదు," అన్నాడు హట్టా. అతని గొంతు ఫోనుకి బాగా దగ్గరగా వచ్చింది. "వాన నీళ్లు దిగి లోపలంతా చెమ్మండీ. మిగతావి మూడూ తడిసి చల్లగా ఉన్నాయి. ఇది చేత్తో పట్టుకోలేకపోతున్నాను... ఇంకా వేడిగా ఉంది."