అక్క తీసిన మెట్లు

ప్రదర్శన హాల్లో గుమ్మడికాయల బల్లలు, కుట్టుపనుల తెరలు దాటాక చివర్లో ఫొటోలు తగిలించారు. పొద్దున్నే కావడంతో జనం పల్చగా ఉన్నారు. మొదటి బహుమతి చీటీ అంటించిన ఫొటో ముందు మా బావ చేతులు కట్టుకు నిలబడి, బహుమతులు నిర్ణయించిన పెద్దావిడకి పాఠం చెబుతున్నాడు.

"ఓపిక కావాలండీ. సరైన వాన కోసం ఎన్నాళ్లు కాచుకున్నానో!"

బావ పళ్ల డాక్టరు. పదిమంది చేత నోరు తెరిపించడమే గానీ తన నోరు మూసుకోవడం తెలియని మనిషి. ఆయన కెమెరా పట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

ఫొటోలో తడిసిన రాతిమెట్లు. పైకి వెళుతున్న ఒక ఆడమనిషి వీపు. ఆ వీపులోంచి మెట్లు కనిపిస్తున్నాయి. తీసింది మా అక్క. ఆ వీపూ అక్కదే. ఒకే ఫిల్ము మీద రెండుసార్లు తీయడం, లెన్సు ముందు గాజుపలక పెట్టి వేలితో నూనె రాయడం... అన్నీ అక్క పిచ్చి ప్రయోగాలే. తను తడుస్తూ, కెమెరా తడవకుండా నా చేత గొడుగు పట్టించేది. కిందటి వానాకాలం ఉబ్బసం ముదిరి, ఫొటోలు కడుక్కునే తన చీకటి గదిలోనే పోయింది. సాయంత్రం ఇంటికొచ్చి చూసేసరికి నేల మీద పడి ఉందని బావ ఏడుస్తూ చెప్పాడు. నమ్మాం.

సొమ్మొకరిది, సోకొకరిది. కడుపు మండిపోయింది. కానీ అక్క నెగటివ్‌లన్నీ బావ ఇంట్లోనే ఉన్నాయి. అవి చూపించకుండా నా మాట ఎవరు వింటారు?

దారి ఆయనే చూపించాడు. "పై పోటీకి దీన్నే పెద్ద సైజులో అడుగుతున్నారు. మీ అక్క దగ్గర పని నేర్చుకున్నావుగా మరదలా, మధ్యాహ్నం వచ్చి కాస్త తీసిపెట్టు." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండనీ."

వెళ్లాను.

చీకటి గదంటే వంటింటి పక్కన కిటికీ లేని సామాన్ల గది. తలుపుకి గడియ బయటే. ఎర్రబల్బు వేసి, మందునీళ్లు ట్రేలలో పోశాను. పులిసిన వాసన. దాని అడుగున ఇంకో వాసన... అక్క గుండెలకి రాసుకునే ఘాటైన మందుది. ఇన్ని నెలలైనా పోలేదా అనుకున్నాను.

బావ పక్కన నిలబడి అందించిన నెగటివ్‌లోంచి కాగితం మీద వెలుతురు పట్టించి మందునీళ్లలో ఊపాను. ముందు మెట్లు తేలాయి. తర్వాత అక్క. కానీ వీపు కాదు. భుజం మీదుగా ఇటు తిరుగుతున్న చెంప.

"వేరే నెగటివ్ పెట్టినట్టున్నావు," అన్నాడు బావ.

తీసి చూశాను. అదే.

రెండో కాగితం ముంచాను. ఈసారి పూర్తిగా ఇటు తిరిగి ఉంది. మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. గాలి కోసం నోరు తెరిచి ఉంది.

బావ ఆ కాగితాన్ని ట్రేలోంచి లాక్కుని చింపేశాడు. "ఇంకోటి తీయ్!"

మూడో కాగితం మీద మెట్లు మాత్రమే తేలాయి.

మనిషి లేదు.

అప్పుడు వినిపించింది. సన్నగా... ఈల వేసినట్టు... పిల్లికూతలు.

"అలా ఊపిరి తీయకు," బావ గుసగుసలాడాడు.

"నేను కాదు బావా."

తలుపు మీద ఎవరో కొడుతున్నారు. బయటినుంచి కాదు. లోపలినుంచే... కింద, నేలకి దగ్గరగా. కూలబడ్డవాళ్ల చెయ్యి అందేంత ఎత్తులో.

"ఏమండీ... గడియ తీయండి... ఏమండీ..."

బావ గోడకి అతుక్కుపోయాడు. "కాసేపే అనుకున్నానే... నీ పేరుతోనే పోటీకి పంపుతానని మొండికేశావు... కోపం చల్లారాక తీద్దామని... క్లినిక్‌కి వెళ్లి... మర్చిపోయాను..."

మర్చిపోయాడట.

ఆ ఒక్క మాటతో నా ఒళ్లంతా నిప్పు పాకింది.

ఎర్రబల్బు ఆరింది. తలుపు కొంచెం తెరుచుకుంది. నా వీపు మీద చల్లటి అరచెయ్యి పడింది. మెల్లగా, చంటిపిల్లని పక్కకి జరిపినట్టు, నన్ను బయటికి తోసింది. వెనకాల తలుపు పడింది. గడియ దానంతటదే జరిగింది.

"మరదలా! తీయ్! నీ కాళ్లు పట్టుకుంటా, తీయ్!"

తీద్దామనే వెళ్లాను. గడియ మీద చెయ్యి వేశాను. అక్కడ అప్పటికే ఒక చెయ్యి ఉంది. తడిగా, మందునీళ్లకి గరుకెక్కిన వేళ్లతో. కంటికి కనిపించలేదు గానీ ఆ వేళ్లు నాకు తెలుసు. నన్ను అడ్డుకోలేదు. నేనేం చేస్తానో చూద్దామన్నట్టు ఊరికే ఉంది.

నా చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను.

గుమ్మం పక్కనే కూర్చున్నాను. లోపల అరుపులు దగ్గయ్యాయి. దగ్గు పిల్లికూతలయింది. తర్వాత అదీ లేదు.

"ఈయనకీ ఉబ్బసమేనా?" అన్నాడు వచ్చిన డాక్టరు. జన్మలో తుమ్మి ఎరగని మనిషికి.

అంతా అయ్యాక అక్క నెగటివ్‌లు తెచ్చుకున్నాను. తను పోయినప్పటినుంచీ బీరువాలో తాళం వేసి ఉన్న కెమెరా కూడా తెచ్చుకున్నాను. అందులో ఫిల్ము ఉంది. ఒక్క ఫొటోయే తీసి ఉంది. కడిగాను.

మూసిన చీకటి గది తలుపు. దాని ముందు నేను. బావ పోయిన రోజు కట్టుకున్న చీరలోనే. గడియ మీద ఒక్క చెయ్యే ఉంది. నాది. వెనక్కి తీసుకోలేదు... గడియ ఊడి రాకుండా బిగించి పట్టుకున్నాను. ముఖం కెమెరా వైపు తిప్పి, ఎవరో నవ్వమన్నట్టు నవ్వుతున్నాను.