రేకుల మీద పన్ను

వేసవి సెలవులు కదా, ఆ ఉదయం ఇల్లు తీరిగ్గానే నిద్ర లేచింది. సాహెరా వాకిట్లో కూర్చుని, ఊడిపోయిన పాలపన్ను సందులో నాలుక పెట్టి ఆడుకుంటోంది. ఆ పన్నుని దాదీ చెప్పినట్టే నిన్న రేకుల మీదికి విసిరింది. తెల్లారేసరికి కొత్తది రాలేదని పిల్లకి కాస్త అలకగా కూడా ఉంది.

వంటింట్లో ఫర్హత్ ఉప్మా కలుపుతోంది. ఆమె అత్త, సాహెరాకి దాదీ అయిన హుస్సేన్‌బీ గడప దగ్గర చేరి పచ్చడికి మామిడికాయలు తుడుస్తోంది. హుమాయున్ స్నానానికి వెళ్లాడు. తిరువూరు బైపాస్ పక్కన అతనికి లారీలకి బాడీలు కట్టే షెడ్డు ఉంది. పనిలో అతన్ని వంకబెట్టేవాడు చుట్టుపక్కల లేడు. మాట మీద నిలబడటమే చేతకాదు. ప్రతి బండీ రేపే ఇచ్చేస్తానంటాడు. ఆ రేపు ఎప్పటికీ రాదు.

మంచం మీద అతని ఫోను ఆగకుండా మోగుతోంది. చివరికి ఫర్హతే ఎత్తింది. అవతల రెడ్డిగూడెం గిరిబాబు. మామిడి లోడు కోసం బండి కావాలి ఆయనకి.

"ఏంటమ్మా, పెయింటింగ్ అయిపోయిందన్నాడు మీ ఆయన. పంపించమంటావా డ్రైవర్ని?"

"పెయింటింగా? ఇంకా బాడీకి చెక్కే కొట్టలేదు కదండీ," అంది ఫర్హత్. అబద్ధం చెప్పాలని ఆమెకి తోచనే లేదు.

వెనక తువ్వాలు చుట్టుకుని హుమాయున్ నిలబడి ఉన్నాడు.

మొదట ఉప్మా గిన్నె ఎగిరి గోడకి కొట్టుకుంది. "నా పరువు తీయడానికి పుట్టావే నువ్వు!" అన్నాడు. ఆమె "నాకేం తెలుసండీ" అనేలోపే చెయ్యి వచ్చి పడింది. పొద్దస్తమానం సుత్తి తిప్పే చెయ్యి అది. పైగా వేలికి వాళ్ల నాన్న తాలూకు లావుపాటి వెండి ఉంగరం. ఫర్హత్ స్టవ్ గట్టుకి కొట్టుకుని కింద కూలబడింది. లేవబోతే జుట్టు పట్టుకుని మళ్లీ కొట్టాడు. నోట్లో ఏదో పెటుక్కుమంది. నోరంతా ఉప్పగా అయిపోయి, రక్తం చీర కొంగు మీద బొట్లుబొట్లుగా పడింది.

గుమ్మంలో సాహెరా బిక్కచచ్చి నిలబడింది. హుస్సేన్‌బీ మామిడికాయ చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. హుమాయున్ చొక్కా తగిలించుకుని, బండి స్టార్ట్ చేసుకుని షెడ్డుకి వెళ్లిపోయాడు.

ఇది మొదటిసారి కాదు. గరిటె విరిగిన రోజుంది, తలుపు గడియ ఊడిన రోజుంది. పన్ను విరగడం మాత్రం ఇదే మొదలు.

"బాత్రూంలో జారిపడ్డానని చెప్పు," అంది హుస్సేన్‌బీ ఆటోలో. ఆమె గొంతులో జాలి లేదని కాదు, భయం దాన్ని మించి ఉంది. "పన్ను పోతే పోయింది. ఇంటి పరువు పోకూడదు. నాకూ తీశారుగా బెజవాడలో, పెద్ద డాక్టరు. పట్టుకున్నాడు, లాగాడు, అంతే. ఏడవడానికి కూడా టైమివ్వలేదు."

అత్త పై పళ్ల వరసలోని ఆ ఖాళీ గురించి ఫర్హత్ ఈ కథ పెళ్లయిన కొత్తల్నించీ వింటూనే ఉంది. బుగ్గకి తడిగుడ్డ అదుముకుని తల ఊపింది. సాహెరా ఆమె ఒళ్లో ముడుచుకుని, "అమ్మీ, డాక్టర్ తీసిన పన్ను నాకు తెచ్చివ్వవా?" అని మెల్లిగా అడిగింది.

బస్టాండుకి ఎదురు సందులో, మేడ మీద ఉంటుంది డాక్టర్ రుచిత క్లినిక్. చిన్న వయసు, మెత్తటి మాట. ఫర్హత్ నోట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది.

"వేరు దాకా చీలిపోయిందండీ. నిలబెట్టలేం, తీసెయ్యాలి. ఎలా తగిలింది?"

"బాత్రూంలో జారింది తల్లీ," అంది హుస్సేన్‌బీ చటుక్కున.

డాక్టర్ ఫర్హత్ బుగ్గ మీద తేలిన వేళ్ల గుర్తుల వైపు చూసింది. కుర్చీ వెనక్కి వంచి, నిదానంగా చెప్పడం మొదలుపెట్టింది.

"ముందు చిగుళ్లకి మత్తు సూది ఇస్తాను. అది గుచ్చుకున్నప్పుడు చిన్న మంట, అంతే."

"సూదా?" హుస్సేన్‌బీ ముందుకి వంగింది. "పన్ను తీయడానికి సూది ఇస్తారా?"

"మత్తు లేకుండా ఎవరు తీస్తారమ్మా? ఎప్పట్నించో ఇస్తున్నారు." డాక్టర్ మళ్లీ ఫర్హత్ వైపు తిరిగింది. "తర్వాత పెదవి, బుగ్గ మొద్దుబారిపోతాయి. లాగుతున్నట్టు తెలుస్తుంది, కటకటమని చప్పుడు వినిపిస్తుంది. భయపడకండి. నొప్పి మాత్రం ఉండకూడదు. ఏ కాస్త నొప్పి అనిపించినా ఎడమచెయ్యి ఎత్తండి. ఆపేస్తాను."

ఫర్హత్‌కి ఆ మాట విచిత్రంగా అనిపించింది. చెయ్యెత్తితే ఆపేస్తారట!

మత్తు ఎక్కాక పట్టకారు పంటిని పట్టుకుని అటూ ఇటూ ఊపింది. దవడ లోపల చెట్టు వేరు పెళ్లగిస్తున్న చప్పుడు. సగంలో చిన్న పోటు వచ్చింది. ఫర్హత్ భయంభయంగా చెయ్యి ఎత్తింది. డాక్టర్ నిజంగానే ఆగిపోయింది. ఇంకొంచెం మత్తు ఇచ్చి, "ఇప్పుడు పర్లేదా?" అని అడిగి, ఆమె తల ఊపాకే మళ్లీ మొదలుపెట్టింది. కుర్చీలో పడుకున్న ఫర్హత్ కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. అవి నొప్పి వల్ల వచ్చినవి కావు.

పన్ను తీసి, రెండు కుట్లు వేసి, ఆ గుంట మీద దూది పెట్టి కరిచి పట్టుకోమంది. "గంటసేపు నోరు తెరవొద్దు, మాట్లాడొద్దు. లోపల రక్తం గడ్డ కట్టాలి, మానేది దాంతోనే. ఇవాళంతా ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు. వేడివి తాగొద్దు. చల్లటి పెరుగన్నం తినండి. బుగ్గకి పైనుంచి ఐసు పెట్టండి. వారం తర్వాత కుట్లు విప్పుతాను."

"ఉమ్మొద్దా?" హుస్సేన్‌బీ నీరసంగా అంది. "నేను రెండు రోజులు ఉమ్ముతూనే ఉన్నాను తల్లీ. దూదీ లేదు, ఏమీ లేదు."

అనేశాక ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఫర్హత్ కుర్చీలోంచి అత్త ముఖంలోకి చూసింది. సూది లేని డాక్టరు, దూది లేని ఆస్పత్రి. ఏడవడానికి కూడా టైమివ్వని ఆ పెద్ద డాక్టరు ఎవరో ఆమెకి అర్థమైపోయింది. దారి పొడవునా అత్తాకోడళ్లలో ఒకరు మాట్లాడకూడదు, ఒకరు మాట్లాడలేకపోయారు.

వాళ్లు ఇల్లు చేరిన కాసేపటికే హుమాయున్ ఊడిపడ్డాడు. గిరిబాబు షెడ్డుకి వచ్చి, నలుగురి ముందూ కడిగేసి, సగం కట్టిన బండిని విస్సన్నపేటలో ఇంకొకరికి ఇస్తానని లాక్కుపోయాడట. ఎండలో వచ్చాడేమో, మొహం కందగడ్డలా ఉంది.

"డాక్టర్‌తో ఏం చెప్పావ్?"

ఫర్హత్ తన నోటి వైపు వేలు చూపించింది.

"అడుగుతుంటే మాట్లాడవే? అంత పొగరా? నోరు తెరువు!"

ఆమె తల అడ్డంగా ఊపింది. హుమాయున్ వచ్చి దవడ పట్టుకున్నాడు. వాచిన చోటే బొటనవేలితో నొక్కాడు. కుట్ల మీద నిప్పు పెట్టినట్టయింది. పెదాల సందులోంచి ఎర్రగా కారింది. ఆ బాధలో, ఆలోచించకుండానే, ఫర్హత్ ఎడమచెయ్యి పైకి లేచింది.

"నామీదే చెయ్యెత్తుతావా!"

ఉంగరం చెయ్యి గాల్లోకి లేచి, దిగింది. ఫర్హత్ కళ్లు మూసుకుంది. దెబ్బ చప్పుడు వినిపించింది గానీ ఆమెకి తగల్లేదు. కళ్లు తెరిచేసరికి హుస్సేన్‌బీ మధ్యలో నేల మీద పడి ఉంది. కనుబొమ దగ్గర చిట్లి రక్తం కారుతోంది.

"అమ్మీ!" హుమాయున్ వంగాడు.

"ముట్టుకోకు." ముసలామె గోడ పట్టుకుని లేచింది. మాట తొణకలేదు. "కోడలు నిన్ను కొట్టడానికి చెయ్యెత్తలేదురా. నొప్పేస్తే చెయ్యెత్తమని చెప్పింది ఆ డాక్టరమ్మ. ఎత్తగానే ఆపేసింది. పరాయి పిల్ల ఆపింది. నువ్వు ఆపావా?"

అతను చాపిన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నేనూ ఎత్తాను ఒకప్పుడు. ఇక్కడే, ఈ వంటింట్లోనే. మీ నాన్న ఆపలేదు. ఆ ఉంగరంతోనే నా పన్ను రాలగొట్టాడు. బెజవాడా లేదు, డాక్టరూ లేడు. ఆయన పోయాక కొడుకు పెట్టుకోవాలి కదా అని, బుద్ధిలేక, నేనే దాన్ని కడిగి నీ వేలికి తొడిగాను."

అప్పుడు తల మీద రేకు ఠంగుమంది. ఏదో చిన్నది దొర్లుకుంటూ పోయి ఆగింది. సాహెరా పరుగున లోపలికి వచ్చింది. చేతిలో, డాక్టర్ పన్ను చుట్టి ఇచ్చిన కాగితం పొట్లం ఖాళీగా ఉంది.

"అమ్మీ, ఏడవకు! నీ పన్ను రేకుల మీద వేసేశాను. కొత్తది వచ్చేస్తుంది."

హుమాయున్ గుమ్మం పట్టుకున్నాడు.

"గుర్తొచ్చిందా?" అంది హుస్సేన్‌బీ. ఇప్పుడామె గొంతులో కోపం లేదు. "అప్పుడు ఇంటికి పెంకులు. నువ్వు ఇంతే ఉన్నావ్. మంచం కిందనుంచి పాక్కుంటూ వచ్చి, నా పన్ను ఏరుకుని, కడుక్కుని, పెంకుల మీదికి విసిరావు. నీకూ కొత్తది వస్తుంది ఏడవకమ్మీ అన్నావురా. రోజూ నా నోరు తెరిపించి చూసేవాడివి."

మర్చిపోయాననుకున్నదంతా అతని మీద ఒక్కసారిగా వచ్చి పడింది. ఆ మంచం కింద చీకటి, నాన్న కాళ్లు, అమ్మ నోట్లోంచి కారుతున్న రక్తం. పెద్దయ్యాక నాన్నని చంపేస్తానని అప్పుడు ఒట్టేసుకున్నాడు. పెద్దయ్యి నాన్నే అయ్యాడు.

"నాన్నా," సాహెరా దూరంనుంచే అడిగింది. దగ్గరికి రావడానికి దానికి భయం. "అమ్మీకి ఎప్పుడు వస్తుంది పన్ను?"

హుమాయున్ గడప మీద కూలబడ్డాడు. "రాదు తల్లీ. పెద్దవాళ్లకి మళ్లీ రాదు."

"దాదీకి రాలేదా?"

"రాలేదు," అని ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఫర్హత్ కదల్లేదు. అతని ఏడుపు ఆమె ఇంతకుముందూ చూసింది. కొట్టిన ప్రతి సాయంత్రం ఎంతోకొంత ఏడ్చేవాడు. గంట గడిచాక దూది తీసేసి, వాచిన పెదాలతో ఒకే మాట అంది. "నౌషాద్ దగ్గరికి వెళ్తున్నాను." నౌషాద్ ఆమె తమ్ముడు, విస్సన్నపేటలో ఉంటాడు.

హుమాయున్ వద్దనలేదు. కానీ హుస్సేన్‌బీ తన బట్టలు కూడా సంచిలో పెట్టుకుంటుంటే, "నువ్వు కూడానా అమ్మీ?" అన్నాడు.

"నా అత్త అప్పుడు నాతో రాలేదురా," అంది ఆమె. చెయ్యి చాపింది. అతను ఉంగరం తీయబోతే వేలికి పట్టేసింది. సబ్బు నురగ రాసి, చర్మం గీరుకుపోతున్నా లాగి తీసి, తల్లి చేతిలో పెట్టాడు.

వారం తర్వాత కుట్లు విప్పించుకోవడానికి ఫర్హత్ అత్తతో వచ్చేసరికి, క్లినిక్ గుమ్మం పక్కన బెంచీ మీద హుమాయున్ కూర్చుని ఉన్నాడు. డాక్టర్ పిలవగానే లేచి, చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"బాత్రూంలో జారలేదండీ," అన్నాడు తల దించుకుని. "నేనే కొట్టాను. చాలాసార్లు కొట్టాను."

డాక్టర్ అతన్ని ఒకసారి చూసింది. ఫర్హత్ వైపు తిరిగి, "కుట్లు విప్పేటప్పుడు కాస్త చురుక్కుమంటుంది. అనిపిస్తే చెయ్యెత్తండి," అంది.

మొదటి కుట్టు తెగింది. రెండోదానికి చురుక్కుమంది. ఫర్హత్ ఎడమచెయ్యి లేచింది, ఈసారి భయం లేకుండా. డాక్టర్ చెయ్యి అక్కడికక్కడే ఆగిపోయింది.

తలుపు దగ్గర నిలబడి హుమాయున్ అది కళ్లారా చూశాడు. ఇంత తేలికా ఆపడం! అతని చెయ్యి దానంతటదే వెళ్లి, ఉంగరం వదిలిన తెల్లటి గాటుని తడుముకుంది. కళ్లు నిండిపోయి గది అలుక్కుపోయింది.

మెట్లు దిగాక ఫర్హత్ ఆగింది. అతను రెండు మెట్లు పైనే ఉండిపోయాడు.

"ఇంటికి ఇప్పుడే రాను," అంది. "ఎప్పుడొస్తానో కూడా చెప్పను. కానీ పిల్లకి ఇంకో పన్ను కదులుతోంది, ఇవాళో రేపో ఊడేలా ఉంది. ఊడితే నాన్న చేతే రేకుల మీద వేయిస్తానని కూర్చుంది. సాయంత్రం విస్సన్నపేట రండి."

హుస్సేన్‌బీ కోడలి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది.