టేకు చేపలున్న నీళ్ళు

ఉదయం ఆరున్నరకి శవం దొరికింది.

చీలమండ లోతు నీళ్ళలో, పడవ పక్కన బోర్లా పడి ఉంది. తల వెనకభాగం పుచ్చకాయలా పగిలిపోయింది. పక్కనే తేలుతున్న తెడ్డుకి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

చచ్చినవాడు ఆ పడవ యజమాని. కుడి పిడికిట్లో ఇంకా కొరడా ఉంది. ఎండబెట్టిన టేకు చేప తోక అది, ఆకురాయిలా గరుకు. దాని మీద నెత్తురు అతని భార్యది.

"కేసు క్లోజ్ మేడం," అన్నాడు ఎస్సై. "భార్య ఒప్పేసుకుంది. పాకలో చంపి ఇక్కడిదాకా ఈడ్చుకొచ్చింది. ఆ జాడలు చూడండి."

పాక గుమ్మం నుంచి నీళ్ళదాకా పొడి ఇసుకలో రెండు చాళ్ళు. వాటి పక్కనే మరో రెండు.

ఇన్‌స్పెక్టర్ వంగి ఆ జాడలు చూసింది. ఆలు లేదు చూలు లేదు, అప్పుడే కొడుక్కి పేరు పెట్టేసే రకం ఈ ఎస్సై. ఆమె శవం వైపు అడుగు వేయబోయింది.

"కాలెత్తకండి మేడం!" కానిస్టేబుల్ కేకేశాడు. "ఈడ్చుకుంటూ రండి."

"ఎందుకు?"

"అడుగున టేకు చేపలుంటాయి. ఇసుక కప్పుకుని పడుకుంటాయి. కాలు మెల్లగా తగిలితే పక్కకి జరిగిపోతాయి. తొక్కామా, తోక ముల్లు దించేస్తాయి. ఇక్కడ నీళ్ళలో అందరూ ఇలాగే నడుస్తారు."

ఆమె అలాగే వెళ్ళింది. పడవ చెక్క మీద కొత్త దెబ్బలు కనిపించాయి. మనిషికి తగిలినవాటికంటే పడవకి తగిలినవే ఎక్కువ.

వెనక్కి తిరిగి చూసింది. తేటనీటి అడుగున తన కాళ్ళు గీసిన రెండు చాళ్ళు. అచ్చం పొడి ఇసుకలో ఉన్నట్టే.

పాకలో చచ్చినవాడి భార్య గోడకి ఆనుకోలేక ముందుకి వంగి కూర్చుంది. వీపంతా చీరుకుపోయింది. వలల గుట్ట మీద ఆమె మామగారు. వెడల్పాటి భుజాలు. కళ్ళ మీద తెల్లటి పొర.

"నువ్వే చంపావా?" ఇన్‌స్పెక్టర్ ఆమెని అడిగింది.

"నేనే."

"ఎన్ని దెబ్బలు?"

"ఒకటి... కాదు, రెండు."

"మరి పడవకెందుకు అన్ని తగిలాయి?"

మామగారు నోరు తెరవబోయాడు.

"మామయ్యా!" కోడలు అరిచింది. "నా మీద ఒట్టేశారు!"

ముసలాయన నోరు మూసుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఎస్సైని బయటికి పిలిచింది. "చాళ్ళ మధ్య ఒక్క అడుగు లేదు. ఈడ్చినవాళ్ళు గాల్లో ఎగిరారా? పాక నేల మీద నెత్తుటి చుక్కయినా లేదే. పైగా శవాన్ని తీసుకెళ్ళి మళ్ళీ వెనక్కెందుకు ఈడ్చారు? అవి శవం జాడలు కావు. నడిచిన మనిషి జాడలు."

"నీళ్ళలో అయితే సరే. పొడి ఇసుకలో కాళ్ళెవరు ఈడుస్తారు మేడం?"

"నీళ్ళెక్కడ మొదలవుతాయో కనపడనివాడు. పడవ దగ్గర ఒకవైపు కోడలి ఏడుపు, ఒకవైపు కొడుకు తిట్లు. తిట్లు వినపడ్డ వైపు తెడ్డుతో బాదాడు. తిట్లు ఆగేదాకా బాదాడు."

ఇన్‌స్పెక్టర్ పాక వైపు తిరిగింది. ఊరుకుంటే ఏ పాపం ఎరగని పిల్ల జైల్లో మగ్గిపోతుంది. ఊరుకోకపోతే ఈ ముసలాయన.

ఆమె గుమ్మం దగ్గరికొచ్చింది. "పెద్దాయనా, ఒకసారి నీళ్ళదాకా నడుస్తారా?"

ఆయన లేచాడు. కోడలికి అర్థమైంది.

"కాళ్ళెత్తి నడవండి మామయ్యా! ఎత్తి నడవండి!"

ఆయన గుమ్మంలో ఆగాడు. తర్వాత ఇసుకలో కాలు దించి ఈడ్చాడు. లోతుగా, తొందర లేకుండా. పాత చాళ్ళ పక్కన కొత్తవి రెండు పడ్డాయి.

కాళ్ళకి నీళ్ళు తగిలాక ఏడుపు వినపడుతున్న వైపు తిరిగాడు.

"ఊరుకో అమ్మా. చెప్పనని ఒట్టేశాను. నడవనని కాదుగా."