వెలుగంటే గిట్టని ఐసు గది

ఆ చేపల కంపెనీలో చిట్టచివరి ఐసు గది మంచిది కాదని అందరూ అనేవాళ్ళు. పగలు కూడా ఆడవాళ్ళు అటు ఒంటరిగా వెళ్ళేవాళ్ళు కాదు. చీకటి పడితే మగాళ్ళు సైతం ఏదో పని గుర్తొచ్చినట్టు సగం దారిలోంచి తిరిగొచ్చేసేవాళ్ళట.

ఇదంతా నాకు చెప్పింది మా మేనత్త. గేటు పక్కన చిన్న గదిలో కూర్చుని రాత్రంతా కెమెరాల బొమ్మలు చూడటం ఆవిడ ఉద్యోగం.

ఐసు గది ముందున్న పాత కెమెరా ఏళ్ళ తరబడి బాగానే పనిచేసింది. అందులో మనిషి మసకగా కనపడేవాడు, అంతే. ఓనరుకి ఇంట్లో కూర్చుని ముఖాలు స్పష్టంగా చూసుకోవాలనిపించింది. కొత్త కెమెరా పెట్టించాడు. వైరు మాత్రం పాతదే ఉంచాడు.

ఆ రాత్రి నుంచే మొదలైంది... పని అయిపోయి లైట్లు ఆర్పగానే బొమ్మ వణికేది. గళ్ళు గళ్ళుగా విడిపోయేది. ఆ తర్వాత — నలుపు. వాచ్‌మన్ టార్చి పట్టుకుని వెళ్తే మళ్ళీ వచ్చేది. అతను ఇటు తిరగగానే పోయేది.

అప్పుడు గుర్తొచ్చింది సూపర్‌వైజరుకి. ఎప్పుడో ఒకావిడ లోపల సర్దుతుంటే చూసుకోకుండా తలుపు వేసేశారట. తెల్లారి తీసేసరికి ఐసుకి అతుక్కుపోయి ఉందట. ఆవిడకి వెలుగంటే గిట్టదట. ఈ కథ చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకునేవాడట ఆయన. "పాపం, ఆవిణ్ణి చీకట్లో ప్రశాంతంగా ఉండనియ్యండమ్మా" అనేవాడట. ఆ మాటతో అటువైపు లైటు వేయడం, టార్చి తీసుకెళ్ళడం కూడా మానేశారు.

నేనైతే ఆవిణ్ణి ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో. తడి జుట్టు... తెల్లబడిన పెదవులు... కనురెప్పల మీద మంచు. ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూస్తూనే గడ్డకట్టి ఉంటుంది అనుకుని దిండు తడిపేసుకునేదాన్ని.

ఇంతలో చేపల పెట్టెలు మాయమవడం మొదలైంది.

"దెయ్యాలు పెట్టెలు మోసుకెళ్ళవు. నువ్వే కెమెరా ఆపి ఎవరికో తలుపు తీస్తున్నావ్," అని ఓనరు అత్తయ్య మీద పడ్డాడు. "ఈ రాత్రి ఇంట్లో కూర్చుని నేనే చూస్తా. బొమ్మ పోయి రాకపోయిందో, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

అత్తయ్య తమ్ముడికి ఫోన్ చేసింది. ఆయన మా బాబాయి. ఇళ్ళకి ఇంటర్నెట్ వైర్లు లాగుతుంటాడు.

"నాకు భయంగా ఉందిరా."

"దెయ్యమంటేనా, ఓనరంటేనా?"

"ఉద్యోగం పోతే ఇద్దరూ ఒకటేరా నాకు."

ఆ రాత్రి బాబాయి చెవిలో ఫోను, చేతిలో టార్చితో అటు నడిచాడు. ఆ వాసన గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ ముక్కు మూసుకుంటాడు. నేలంతా జిగట. అడుగు తీస్తే చెప్పుతో పాటు పొలుసులు లేచొచ్చేవట. ఎవరో వెనకే నడుస్తున్నట్టు చప్ చప్‌మని చప్పుడు... తన చెప్పులదే.

కెమెరా కింద నిలబడి టార్చి ఆర్పాడు.

"పోయిందిరా..." ఫోన్లో అత్తయ్య గుసగుస.

వేశాడు. కాసేపు ఏమీ లేదు.

"వచ్చింది."

మళ్ళీ ఆర్పాడు. మళ్ళీ పోయింది.

"అక్కా, ఆవిడకి వెలుగు గిట్టకపోవడం కాదు. ఈ కెమెరాకి చీకటి గిట్టడం లేదు."

వైరు ఎటు పోయిందో చూడాలని ఖాళీ పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చి, చెప్పులు విడిచి ఎక్కాడు. సీలింగు రేకు పైకి నెట్టాడు. మెత్తగా, చల్లగా ఏదో ముఖం మీద పడింది. దానికి వెంట్రుకలున్నాయి...

చచ్చిన ఎలుక. దాని వెనకాల దాని సంసారమంతా. చేపల కొవ్వు పట్టిన పీచు, పెంట, ఉబ్బిన పొట్టలు. బాబాయి అక్కడే వాంతి చేసుకున్నాడు. చేసుకున్నాక కూడా పైకెక్కి ఆ జిగట దూలం మీదే, కాళ్ళు కిందికి వదిలేసి కూర్చోవాల్సి వచ్చింది.

ఆ చెత్త మధ్యలో దొరికింది వైరు. రెండు ముక్కల్ని చేత్తో మెలేసి, పైన చేపల కవరు చుట్టి కట్టేశారు. కవర్లో ఎప్పటిదో రసం ఇంకా కారుతోంది. వైరు మీద మీటర్ల అంకెలు అచ్చు వేసి ఉంటాయి. తుడిచి చూశాడు. వంద మీటర్లకి మించి లాగకూడని వైరు ఇంకో యాభై మీటర్లు సాగి ఉంది.

"బొమ్మ వెళ్ళేదీ కరెంటు వచ్చేదీ ఈ ఒక్క వైరులోనే అక్కా. వంద దాటితే రెండూ నీరసపడిపోతాయి. పాత కెమెరాది చిన్న పొట్ట, సరిపెట్టుకుంది. కొత్తదానికి చాలా కావాలి. చీకటి పడితే చూడ్డానికి సొంత లైట్లు వేసుకుంటుంది. అప్పుడింకా కావాలి... అందదు, పడిపోతుంది. ఛీ, ఎవడు వేశాడే ఈ అతుకు —"

ఆగిపోయాడు.

కింద అడుగులు...

టార్చి ఆర్పేశాడు. అడుగులకి వెలుగు లేదు. తడుముకోవడం లేదు. సొంతింట్లో తిరిగినట్టు నేరుగా వచ్చి ఐసు గది తలుపు లాగాయి. చల్లటి ఆవిరి బాబాయి అరికాళ్ళని తాకింది. లోపల పెట్టె ఈడ్చిన చప్పుడు.

"అక్కా..." ఊపిరితోనే అన్నాడు. "లైటు వెయ్యి."

వేస్తే ఐసు గదిలో ఆవిడకి కోపం వస్తుందేమోనని అత్తయ్య ఒక్క క్షణం ఆగిందట. తర్వాత కళ్ళు మూసుకుని, గేటు గదిలోనే ఉన్న ఐసు గది వైపు లైటు స్విచ్ నొక్కింది.

తెర మీద నలుపు కదిలింది. ఒక్కొక్క గడీ వచ్చి పక్కదానికి అతుక్కుంది. ఓనరు కోరుకున్నట్టే ముఖం చాలా స్పష్టంగా వచ్చింది, చెమటతో సహా. సూపర్‌వైజరు నేల మీద జిగటలో చతికిలబడి ఉన్నాడు. ఒళ్ళో చేపల పెట్టె. పైన సీలింగులోంచి రెండు కాళ్ళు వేలాడుతున్నాయి, వేళ్ళ మధ్య ఎలుకల వెంట్రుకలతో, కారుతూ. ఆ కాళ్ళకి దణ్ణం పెడుతున్నాడు.

కెమెరాలో మాట వినపడదు. బాబాయి మాత్రం విన్నాడు.

"తల్లీ... నేను ఊరికే కల్పించానమ్మా. నువ్వు నిజంగా ఉన్నావని నాకు తెలీదు."