కుర్చీకి వేళ్ళు

"పెద్దమ్మని ఇక్కడికి తీసుకురావడం కుదరదు," అంది ఆమె, చేతిలోని భూతద్దం బల్ల మీద పెడుతూ. "ఆ గది ఖాళీ లేదు."

భర్త ఆసుపత్రి కాగితాలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పెద్దమ్మ తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో పడి ఉంది. రేపోమాపో పంపించేస్తారు. పెళ్ళీ పిల్లలూ లేని ఆవిడకి, చేతుల మీద పెంచిన ఈ చెల్లెలి కూతురు తప్ప వేరే దిక్కు లేదు.

అత్తగారు అంతటితో ఊరుకోలేదు. "గదిలో ఎవరున్నారమ్మాయ్, ఊళ్ళోవాళ్ళ తాతలూ ముత్తాతలూ తప్ప? వాళ్ళలో ఒక్కరైనా నీకు జడ వేశారా?"

ఆ మాట ముల్లులా దిగింది. ఆమె గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. గోడల నిండా మొహాలు... చిత్తుకాగితాల దుకాణాల్లోనూ, మూతపడ్డ స్టూడియోల్లోనూ, అమ్ముడుపోయిన ఇళ్ళ అటకల మీదా ఏరి తెచ్చిన పాత ఫోటోలు. మీసాలు దువ్వుకున్న గుమాస్తాలు, బిగుసుకుపోయి నిలబడ్డ కొత్త దంపతులు, భయం భయంగా చూసే పిల్లలు. అట్ట వెనక స్టూడియో ముద్రనిబట్టీ, ఫోటోలో వెనక తెర మీది బొమ్మనిబట్టీ కూపీ లాగి, వాళ్ళ మనవల ఇల్లు కనుక్కుని, ఎవరి మనిషిని వాళ్ళకి అప్పగించి రావడం ఆమెకు వ్యసనమైపోయింది. తల్లి మొహం మొదటిసారి చూసిన ఒక ముసలాయన ఆ ఫోటోని చొక్కాలో దాచుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు తనదే అనిపించింది ఆమెకు.

ఎందుకంటే తన తల్లి మొహం ఆమె ఎరగదు. పురిట్లోనే పోయింది. ఒక్క ఫోటో కూడా లేదు. చిన్నప్పుడు "అమ్మ ఎలా ఉండేది?" అని అడిగితే, చొక్కాల కాలర్లు కుట్టుకుంటున్న పెద్దమ్మ తలెత్తకుండా "బాగానే ఉండేది" అనేది. తర్వాత కుట్టుమిషను చప్పుడు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు, అదే చప్పుడు. ఫోటో ఉండే ఉంటుంది, కావాలనే దాచింది అని ఆ పిల్ల మనసు తీర్మానించుకుంది. ఆ తీర్మానం ఆమెతోపాటే పెరిగింది, అత్తవారింటికీ వచ్చింది. తనకే తెలియకుండా దానికి ఒక గది కూడా ఇచ్చేసింది. ఇప్పుడు ఆ గదిలో పెద్దమ్మకు మంచం వేయమంటున్నారు...

మర్నాడు పొద్దున్న లేచేసరికి అత్తగారు చీపురు పట్టుకుని ఆ గదిలోనే ఉన్నారు.

"అత్తయ్యా, వాటిని ముట్టుకోకండి."

"ముట్టుకోవడమేంటి, ఊడదీసేశాను కూడా. దీని అట్ట పురుగు పట్టి చచ్చింది. ఇలా రా. నీ చిన్నప్పటి ఫోటో ఇది, అవునా? నీ కుర్చీకి వేళ్ళున్నాయేమిటే?"

ఆమెకు అర్థం కాలేదు. ఆ ఫోటో తెలియనిదా? నల్లగుడ్డ కప్పిన కుర్చీ, దాని మీద ఏడాది నిండని తను, చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించిన అట్ట. తను ఒంటరిదనడానికి సాక్ష్యంలా దాచుకుంది దాన్ని. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ పాఠంలా చెప్పేది తనే: "పూర్వం ఫోటో పడడానికి చాలాసేపు పట్టేది. పిల్లలు కదలకుండా తల్లి గుడ్డ ముసుగేసుకుని కుర్చీలా కూర్చుని పట్టుకునేది. అట్ట తీసి చూడండి, మనుషులు అంచుల్లో ఉంటారు." ఎన్నో ఇళ్ళవాళ్ళ అట్టలు విప్పింది. తనది మాత్రం ఏనాడూ విప్పలేదు. తను పుట్టేనాటికి ఫోటో కన్నుమూసి తెరిచేలోగా పడేది. ముసుగులో ఎవరో ఉండాల్సిన అవసరమేముంది?

ఇప్పుడు అట్ట లేదు. పాప నడుము దగ్గర, నల్లగుడ్డ అంచులోంచి నాలుగు వేళ్ళు. చిటికెన వేలు బయటికి వంగి ఉంది. మిషను సూది దిగి వంకరపోయిన ఆ వేలు ఆమెకు తెలుసు. జ్వరం వచ్చినప్పుడల్లా పెద్దమ్మ చెయ్యి వేస్తే, తన నుదుటి మీద ఆనకుండా పైకి లేచి ఉండేది అదొక్కటే.

"కూర్చో అమ్మాయ్, కూర్చో," అన్నారు అత్తగారు, చీపురు పక్కన పడేసి.

మధ్యాహ్నం ఆసుపత్రి వార్డులో ఆ ఫోటోని పెద్దమ్మ దుప్పటి మీద పెట్టింది. పెద్దమ్మ దాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"కోటు లోపల వేసే గుడ్డ అది. పనిచేసేచోట అడిగి తెచ్చాను."

"ముసుగెందుకేసుకున్నావు పెద్దమ్మా?"

"ఫోటో తీసేవాడు తల్లిని కూర్చోమన్నాడు. నేను తల్లిని కాదన్నాను. నువ్వేమో వదిలితే పడిపోతావు. పట్టుకోక తప్పదు, కనపడకూడదు."

"కనపడితే ఏమయ్యేది?"

పెద్దమ్మ ఫోటో మీది దుమ్ముని దుప్పటి అంచుతో తుడిచింది. "పెద్దయ్యాక మా అమ్మ ఏదీ అంటావు కదా... ఒక చోటు ఖాళీగా ఉండాలి కదే దానికి. ఆ చోట నేను కూర్చుంటే నా చెల్లెల్ని ఎక్కడ పెట్టుకుంటావు?"

ఆమె మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. "మరి అమ్మ ఫోటో?"

"లేదు పిట్టా. ఎప్పుడూ తీయించుకోలేదు. లేదని చెప్తే ఏడ్చి మంచం పడతావని భయం. ఉండీ ఇవ్వలేదనుకుంటే నా మీద కోపంతోనైనా గట్టిగా తింటావు, చదువుతావు అనుకున్నా. చదివావుగా."

ఇన్నేళ్ళ కోపం ఒక్కసారిగా ఏ ఆధారమూ లేకుండా నిలబడిపోయింది. తను పగ అనుకుని మోసినది, ఎవరో తన కోసం ఓర్చుకున్న పస్తు. ఆమె ఆ వంకర వేలిని పట్టుకుని, మంచం అంచున తల ఆనించి ఏడ్చింది... అది దుఃఖం కాదు. ఊళ్ళోవాళ్ళందరి బంధువుల్నీ వెతికి పెట్టిన మనిషికి తన మనిషి దొరికినందుకు.

"చాల్లే, పక్కమంచం ఆవిడ నేను పోయాననుకుంటుంది," అంది పెద్దమ్మ.

"మనింటికి వెళ్దాం. మంచం కిటికీ పక్కన వేయించాను."

"ఆ చచ్చినవాళ్ళ మధ్యనా?"

"వాళ్ళని కాస్త జరిగి కూర్చోమన్నాను."

పెద్దమ్మ నవ్వింది. తుంటి నొప్పి చేసి నవ్వు సగంలో ఆపుకుంది. ఆమె తడి మొహం ఎత్తింది. "ఇకనుంచి నిన్ను అమ్మా అని పిలుస్తాను."

"అదేం కొత్త? పెద్దమ్మ అన్న ప్రతిసారీ పిలిచావు. కాకపోతే 'పెద్ద' మీద గట్టిగా ఒత్తి, అక్కడే ఆగిపోయేదానివి."

ఆమె కళ్ళు తుడుచుకుంది. మాట నేర్చుకుంటున్న పిల్లలా నెమ్మదిగా, చివరిదాకా పలికింది.

"పెద్దమ్మా."

"ఊఁ, చెప్పవే," అంది పెద్దమ్మ.