తాహేరా పెట్టిన ఫీడు

"లోకం వార్తలన్నీ ఒక్క పేజీలో!"

తొంభైతొమ్మిది వానాకాలం. నల్లగొండలో కొత్తగా తెరిచిన ఇంటర్నెట్ సెంటర్ బోర్డు చదివి పేపర్ ఏజెంట్ వహీద్‌కు ఒళ్లు మండింది. తడుస్తూనే గుమ్మంలోకి తల పెట్టాడు.

"మా పొట్ట కొట్టనీకె పెట్టిన్రా గీ బోర్డు?"

"తిట్టుడు తర్వాత. ముందుగాల లోపలికి రాండ్రి, తడుస్తున్నరు," అంది కంప్యూటర్ ముందున్న అమ్మాయి నవ్వుతూ. ఓనరు అబ్దుల్ ఖాదర్ కూతురు తాహేరా. ఆ నవ్వు చూశాక వహీద్ కోపం సగం చల్లారింది.

"మీరు ఇంటింటికి పేపరేస్తరు గదా? గిది గట్లనే. ఒక్కొక్క సైటు తిరుగుడు లేదు. నచ్చిన సైటు ఫీడు అడ్రస్ గీ రీడర్ల పెడితే చాలు. ఆడ కొత్త వార్త పడ్డదంటే హెడ్‌లైన్ గీడికే వస్తది."

మోడెం గీపెట్టింది. ఆమె బటన్ నొక్కింది. ఎక్కడి భూకంపమో, ఎక్కడి క్రికెట్టో, వరసగా వచ్చి నిలబడ్డాయి. వహీద్ నోరు తెరిచాడు.

"యా అల్లా! ఎవ్వలు మోసుకొస్తున్నరు ఇయన్నీ?"

తాహేరా పకపకా నవ్వింది. "నాదీ ఒక ఫీడున్నది, అమెరికాల ఉన్న కంప్యూటర్ల. బత్తాయి ధర, కరెంట్ కోత, గిట్లాంటి ముచ్చట్లు."

"అయితే ముందు గదే పెట్టుండ్రి!"

ఆనాటి నుంచి పేపర్లు వేయడం అయ్యిందంటే వహీద్ అక్కడే. బత్తాయి ధర పక్కన ఒకరోజు "నీలం చొక్కా ఒకాయనకు మంచిగున్నది" అని పడింది. పాపం, వారమంతా అదే చొక్కా తొడిగాడు.

శుక్రవారం వచ్చిన హెడ్‌లైన్‌కు మాత్రం అతని గుండె జారింది. "కొత్తకోటోళ్లు ఆదివారం నన్ను చూడ వస్తున్నరు."

"గిది లోకమంత చదువుతదా?"

"నా ఫీడు పెట్టుకున్నోడు ఒక్కడే," అంది తాహేరా, తల వంచుకుని.

"మరి ఆ ఒక్కడు ఏం జెయ్యాలె?"

"పైగామ్, అదే పెండ్లి మాట, మొగపిల్లగాని ఇంటి నుంచి రావాలె. గది రీడర్ల పడది."

వహీద్ ఇంటికి ఉరికి తల్లి రబియా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. సంబంధం అడగమని బతిమాలాడు. ఆమె ముందు తిట్టింది, తర్వాత నవ్వింది, కొంగు సర్దుకుని ఎస్‌టీడీ బూత్‌కు నడిచింది.

అతను సెంటర్‌కు తిరిగొచ్చి బటన్ నొక్కాడు. కనెక్షన్ లేదు. మళ్లీ నొక్కాడు. లేదు. కొత్తకోటోళ్లే ఫోన్‌లో ముహూర్తం పెట్టుకుంటున్నారేమో!

లోపల్నుంచి తాహేరా వచ్చింది. "ఊకె నొక్కకుండ్రి. ఉన్నది ఒక్కటే లైను. దాని మీద మీ అమ్మీ, మా అబ్బాజాన్ మాట్లాడుతున్నరు."

చాలాసేపటికి లైను ఖాళీ అయ్యింది. ఆమె ఏదో టైప్ చేసి పంపి పక్కకు జరిగింది. "ఇగ నొక్కుండ్రి."

"కొత్తకోటోళ్లను రావద్దన్నం. ఆదివారం బిర్యానీ మాత్రం ఉంటది, మీ ఇంటోళ్లకు."

చెయ్యి చాపితే అందేంత దూరంలో రాసిన మాట, సముద్రాల అవతలి కంప్యూటర్ దాకా పోయి తన కోసం తిరిగొచ్చింది! వహీద్ తెర వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు.

"పక్కనే ఉన్న గదా, గింత దూరం తిప్పాల్నా?"

"ఎదురుంగ చెప్పాలంటే సిగ్గైతది," అంది తాహేరా.