పాలగ్లాసులో చుక్కలు

ఆ ఇంట్లో పొద్దున్నే స్నానాలగది దగ్గర జరిగే యుద్ధం గురించి చెప్పడం మొదలుపెడితే అదే ఒక పెద్ద కథ. ఆ రోజు మాత్రం చిన్నోడు అందరికంటే ముందు లేచి, స్నానం ముగించి, తలుపు బార్లా తీసి, "దయచేయండి, రాజావారి స్నానం అయింది," అని ప్రకటించాడు. మొహం వెలిగిపోతోంది. కళ్ళజోళ్ళ దుకాణం యజమాని మళ్ళీ పనిలోకి రమ్మని కబురు చేశాడు మరి! అద్దం అరగదీసి ఫ్రేములో బిగించడంలో అతనిది ఎంతో ఒడుపున్న చెయ్యి. జబ్బుచేసి మానేశాక ఇన్నాళ్ళకి వచ్చింది పిలుపు.

"వదినా, ఈ చొక్కాలో ఎలా ఉన్నాను? పెళ్ళికొడుకులా ఉన్నానా, గుమాస్తాలా ఉన్నానా?"

"ఇస్త్రీ సగంలో వదిలేసిన పెళ్ళికొడుకులా ఉన్నావు. వీపు చూసుకో ముందు!" అంది వదిన, క్యారియరు మూత బిగిస్తూ.

ఆవిణ్ణి వీధిలో అందరూ సిస్టరమ్మ అంటారు. పెద్దాసుపత్రిలో మనోవ్యాధుల వార్డుకి హెడ్ నర్సు. మాత్ర ఇచ్చేముందు అది ఏ మాత్రో, ఎందుకో రోగికి చెప్పాలి, ఇంకేం మందులు వాడుతున్నారో అడగాలి, మింగాక నాలుక కింద దాచుకోలేదని చూడాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా కొత్త నర్సులకి ఆవిడ చేతిలో మూడిందన్నమాటే. ఒకసారి ఒక రోగి తండ్రి పళ్ళరసంలో మందు కలపబోతే, "ఆయన మనిషండీ, మొక్క కాదు, అడక్కుండా పోసెయ్యడానికి," అని అందరి ముందూ కడిగేసింది.

"ఈ పాలు తాగి వెళ్ళరా, మొదటిరోజు ఖాళీ కడుపుతో పోతావా?" అంటూ అత్తగారు గ్లాసు తెచ్చింది. చిన్నోడు గటగటా తాగేసి మూతి తుడుచుకున్నాడు. వాకిట్లో సిస్టరమ్మ భర్త తన స్కూలు వ్యాను అద్దాలు తుడుస్తూ, "కానీరా, నిన్ను దుకాణం దగ్గర దింపేసి నేను పిల్లలకోసం వెళ్ళాలి," అని కేకేశాడు.

చిన్నోడు అలా మారుమాట లేకుండా పాలు తాగడం చూస్తే సిస్టరమ్మకి ఎప్పుడూ లోపల చల్లగా ఉండేది. జబ్బు ముదిరిన రోజుల్లో ఆ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. ప్రతి కంచం వాసన చూసేవాడు. "నా తిండిలో ఏదో కలుపుతున్నారు," అని గోడకి ఆనుకుని ఏడ్చేవాడు. సీలు విప్పని బిస్కెట్లతో రోజులు గడిపేవాడు. ఒక మధ్యాహ్నం సిస్టరమ్మ అతని ఎదురుగా కూర్చుని, అతని కంచంలోంచే నాలుగు ముద్దలు తిని, "ఈ ఇంట్లో నీ తిండిలో ఎవరూ ఏమీ కలపరు. నాది పూచీ," అని చేతిలో చెయ్యేసి చెప్పింది.

అతను చాలాసేపు ఆలోచించాడు. "నువ్వు అబద్ధం చెప్పవు. నువ్వు కలపరంటే కలపనట్టే. అంటే నాకే బాగాలేదన్నమాట," అన్నాడు. ఆ మాట పట్టుకునే వదిన వెంట డాక్టరు దగ్గరికి వచ్చాడు. మాత్రలు మొదలుపెట్టాడు. "అమ్మకీ అన్నయ్యకీ చెప్పకు వదినా. ఆశపెట్టి మధ్యలో మానేశానంటే అమ్మ తట్టుకోలేదు. పనిలో చేరి మొదటి జీతం తెచ్చాక నేనే చెబుతాను," అన్నాడు. ఆవిడా సరేనంది. ఎంత ముచ్చటగా అనిపించిందో ఆ సరదా రహస్యం!

చొక్కా పైగుండీ పెట్టుకుంటూ చిన్నోడు ఆగిపోయాడు.

"వదినా... మెడ..."

అంతే. మెడ ఒక పక్కకి తిరగడం మొదలుపెట్టింది. ఎవరో వెనక నిలబడి పట్టి మెలిపెడుతున్నట్టు తిరిగి, అలాగే బిగుసుకుపోయింది. కళ్ళు పైకి లేచిపోయాయి. నోరు తెరుచుకుని, నాలుక మందంగా బయటికొచ్చి, మాట గొంతులోనే నలిగిపోయింది. అత్తగారి కేకకి వాకిట్లో బకెట్టు తన్నేసుకుంటూ పెద్దకొడుకు లోపలికి పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో, పక్షవాతమే! నా బిడ్డకి పక్షవాతం వచ్చిందే!"

"కాదత్తయ్యా, ఇది పక్షవాతం కాదు. ఏమండీ, వ్యాను తియ్యండి!" అంది సిస్టరమ్మ. వార్డులో ఇలాంటి మెడలు చూసింది. కొందరికి ఈ రకం మందు ఒంట్లో ఎక్కువైతే కండరాలు ఇలాగే పట్టేస్తాయి. గొంతు కండరాలు కూడా పట్టేశాయంటే ఊపిరి ఆడదు. అదే ఆవిడ భయం. కానీ అంత చిన్న మాత్రకి ఇంత ఎందుకొచ్చిందో అంతుపట్టలేదు.

దారి పొడవునా అతని గడ్డం పట్టుకుని, "శ్వాస తియ్యి నాన్నా, తియ్యి, నేనున్నాను," అంటూనే ఉంది. అతని చెయ్యి ఆవిడ మణికట్టుని ఎంత గట్టిగా పట్టుకుందో, గాజు విరిగిన సంగతి కూడా ఆవిడకి తెలియలేదు.

అత్యవసర గదిలో డ్యూటీ డాక్టరు చూస్తూనే ఇంజక్షను సిద్ధం చెయ్యమంది. "ఏం వాడుతున్నాడు సిస్టర్?"

సిస్టరమ్మ మాత్ర పేరు, మోతాదు చెప్పింది.

"ఈ మోతాదుకి ఇంత ఉధృతంగానా? ఇంకేమైనా వాడుతున్నాడా?"

"లేదు డాక్టర్. ఈ ఒక్క మాత్రే. నాకు ఖాయంగా తెలుసు."

వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది. "మాత్రేమిటే? వాడు మాత్ర వేసుకుంటున్నాడా?"

సిస్టరమ్మ వెనక్కి తిరిగింది. అత్తగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. కొడుకు మెలిక తిరిగిన మెడకేసి, కోడలి మొహంకేసి మార్చి మార్చి చూస్తూ గోడ పట్టుకుంది. "నేను... నేను పాలల్లో..." అని ఆగిపోయింది. మిగతా మాట పెద్దకొడుకు తలదించుకుని పూర్తిచేశాడు. "చుక్కల మందు. మొదట్లో పాత డాక్టరు ఇచ్చింది. రంగూ వాసనా ఉండదు. వాడు మందు ముట్టుకోకపోతే ఏం చేస్తాం? నేనే తెచ్చి ఇస్తున్నా."

సిస్టరమ్మ కొయ్యబారిపోయింది. పళ్ళరసం తండ్రిని అందరి ముందూ కడిగేసిన మనిషి వంటింట్లోనే రోజూ ఆ పని జరుగుతోంది! చేతిలో చెయ్యేసి ఇచ్చిన పూచీ గుర్తొచ్చింది. అయినా డాక్టరు ఎదురుచూస్తోంది. భర్తని సీసా మీద పేరు అడిగి, అత్తగారిని ఎన్ని చుక్కలో, ఎప్పుడెప్పుడో అడిగి, ఉన్నదున్నట్టు డాక్టరుకి చెప్పింది. ఇంజక్షను ఎక్కింది. కాసేపటికి చిన్నోడి మెడ నెమ్మదిగా దారికొచ్చి, కళ్ళు కిందికి దిగాయి. ఊపిరి తేలికైంది.

అప్పుడు నడవాలోకి వచ్చి పడింది ఆవిడ కోపమంతా.

"ఎంత పని చేశారత్తయ్యా! ఊపిరాగిపోయి ఉంటే?"

"నెమ్మదిగా మాట్లాడు, అందరూ చూస్తున్నారు," అన్నాడు భర్త.

"చూడనివ్వండి! నేను పనిచేసే చోటే కదా, నా నిర్వాకం కూడా చూడనివ్వండి! నాతో ఒక్క మాట అనాలనిపించలేదా మీకు?"

"నీతో అంటే చుక్క పడనిస్తావా? రూలు మాట్లాడతావు. ఇంట్లో ఒకడు తిండి మానేసి ఎండిపోతుంటే రూలు తింటామా?"

అత్తగారు మాత్రం ఇంకెక్కడో ఉంది. "వాడంతట వాడే వేసుకుంటున్నాడా? నా బిడ్డ తనంతట తనే మందు వేసుకుంటున్నాడా?" అని గొణిగి, హఠాత్తుగా కోడలి భుజాలు పట్టుకుని కుదిపేసింది. "ఆ మాట నాకెందుకు చెప్పలేదే? చెప్పి ఉంటే చుక్క వేసేదాన్నా? నేను కన్నతల్లినే! నిన్నరాత్రి వాడు పాటలు పాడుతూ ఇల్లంతా తిరుగుతుంటే మళ్ళీ మొదలైందేమోనని నా గుండె జారిపోయింది. అందుకే రాత్రీ, పొద్దునా ఇంకాస్త ఎక్కువేశాను. పని దొరికిందని తెలిసీ, అది ఆ సంబరమేనని నాకు తోచలేదు."

ఆ మాట సిస్టరమ్మకి సూటిగా తగిలింది. వార్డులో ఏ రోగికి మందు మొదలుపెట్టినా ముందు ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి, ఇంకేమైనా ఇస్తున్నారా అని గుచ్చి గుచ్చి అడిగే మనిషి తను. తన ఇంట్లోవాళ్ళని మాత్రం అడగలేదు. తన ఇంట్లో అలాంటిది ఉండదని అనుకుంది. ఉత్త నమ్మకం! అటు ఇద్దరు, ఇటు ఇద్దరు, ఎవరి రహస్యం వాళ్ళు దాచుకుని, నలుగురూ కలిసి వ్యవహారాన్ని ఇక్కడిదాకా తెచ్చారు.

భర్త గొంతు తగ్గించాడు. "అయిందేదో అయింది. వాడికి మాత్రం చెప్పొద్దు. నా తిండిలో కలుపుతున్నారని ఏడ్చినవాడికి అవును కలిపాం అని చెబితే ఇంకేమైనా ఉందా? జన్మలో మన చేతి నీళ్ళు తాగడు. మాత్ర పడలేదని చెబుదాం. డాక్టరు వేరేది రాస్తారు. నీ పరువూ నిలబడుతుంది."

నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం ఆవిడ మనసు అటే జారింది. వాడు 'నువ్వు అబద్ధం చెప్పవు' అన్న మాట పోగొట్టుకోవడం ఆవిడకి చావులా ఉంది. కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చింది.

"మాత్ర పడలేదని చెబితే మాత్ర మీద నమ్మకం పోతుంది. నిజం చెబితే మన మీద పోతుంది. మన మీద పోనివ్వండి," అంది.

చిన్నోడు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. కొత్త చొక్కా నలిగి ముద్దయింది. "ఏమైంది వదినా నాకు? దుకాణానికి కబురు పెట్టారా?" అన్నాడు. మాట ఇంకా ముద్దగానే ఉంది.

"పెట్టాం. అయితే నీకొకటి చెప్పాలి..." అని సిస్టరమ్మ మొదలుపెట్టేలోపే అత్తగారు ముందుకొచ్చింది.

"నేనే కలిపాన్రా. పాలల్లో. రోజూ. మందే... మందేరా."

చిన్నోడు తల్లిని చూడలేదు. సూటిగా వదిన మొహంలోకి చూశాడు.

"నీకు తెలుసా?"

"ఇందాకే తెలిసింది. కానీ ఎవరూ కలపరని పూచీ ఇచ్చింది నేను. తెలుసుకోకుండా ఇచ్చాను. తప్పు నాది."

అతను నవ్వాడు. ఆ నవ్వు వినలేక అన్నగారు మొహం తిప్పుకున్నాడు. "రాత్రి పాలు తేడాగా ఉన్నాయి వదినా. నాలిక మీద తెలిసింది. 'ఇది నా జబ్బు, నాకే ఇలా అనిపిస్తోంది, వదిన చెప్పింది కదా' అనుకుని మింగేశాను."

సిస్టరమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో రోగి ముందు కన్నీరు పెట్టని మనిషి, మంచం కమ్మీ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"అయితే మరి ఆ గొంతులు?" అన్నాడు చిన్నోడు. కళ్ళల్లో భయం. "గోడ అవతల నా గురించి మాట్లాడుకునేవాళ్ళు... వాళ్ళు కూడా నిజమేనా?"

ఆ ప్రశ్నకి సిస్టరమ్మ ఏడుపు ఆపేసింది. మొహం తుడుచుకుని అతని ఎదురుగా కూర్చుంది. "కాదు. అది జబ్బు. పాలల్లో కలిపింది మేము. రెండూ కలిపెయ్యకు. ఇకనుంచి నువ్వేదడిగినా, తెలిస్తే తెలుసంటాను, తెలియకపోతే కనుక్కుని చెబుతాను. ఊరికే పూచీలివ్వను."

చిన్నోడు తల్లివైపు తిరిగాడు.

"రాత్రి నేను సంతోషంగా ఉన్నానమ్మా."

"నీ సంతోషం చూసి ఎన్నాళ్ళయిందో నాయనా! గుర్తుపట్టలేకపోయాను," అని ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

"నన్ను అడగొచ్చు కదా."

"అడిగితే వేసుకునేవాడివా?"

చిన్నోడు నిజాయితీగా ఆలోచించాడు. "లేదు. వేసుకునేవాణ్ణి కాదు," అన్నాడు. "అయినా అడగాల్సింది."

వార్డు నర్సు లోపలికొచ్చి, మెడ మళ్ళీ పట్టెయ్యకుండా ఉండడానికని చెప్పి ఒక మాత్ర, నీళ్ళగ్లాసు బల్ల మీద పెట్టింది. తల్లి ఆ మాత్రని అరచేతిలోకి తీసుకుంది.

"వేసుకుంటావా నాయనా?"

"ఇప్పుడొద్దు."

పెద్దకొడుకు నోరు తెరిచాడు. సిస్టరమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది. ఆవిడ నాలుక చివర కూడా నూరు మాటలున్నాయి, అన్నీ మింగేసింది. తల్లి కొడుకుని బతిమాలలేదు, ఒట్టు పెట్టలేదు, కసురుకోలేదు. "సరే," అంది. మాత్రని మళ్ళీ బల్ల మీద పెట్టేసి, పక్కనున్న స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చిన్నోడు ఆవిణ్ణే చూస్తున్నాడు. ఆవిడ మాత్ర వంక చూడను కూడా చూడలేదు. కళ్ళనుంచి నీళ్ళు మాత్రం కారిపోతున్నాయి.

కొంతసేపటికి అతనే చెయ్యి చాచాడు.

"నీళ్ళియ్యమ్మా," అన్నాడు.